ఎర్ర ఇంకు దిద్దుళ్ళు

జర్మనీ దేశపు ఒక పెద్ద తత్వవేత్త మీద పరిశోధన చేస్తూ మా పాప పోయినేడు చనిపోయింది. పాప ఇంగ్లీషు జిరాక్సు కాగితాల నిండా ఎర్ర ఇంకు చూసి, అన్నీ తప్పులే రాసిందనుకుని, ఎవరికీ చూపక పెట్టెలో దాచాను. ఈ రోజు ఆదోని నుంచి వాళ్ళ సారు ఎమ్మిగనూరులో మా ఇంటికి వస్తే, సిగ్గుపడుతూ తీసిచ్చాను.

"ఇన్ని తప్పులు సేసిందా సార్?"

"తప్పులు ఈ వ్యాసాలు రాసిన పండితులవమ్మా, దిద్దింది మీ పాప! మనకు తెలియరానిది లేనట్టేనని ఆ జర్మనీ ఆయన అన్నాడని వీళ్ళు రాసినారు. ఆయన తెలియదన్నాడే గానీ లేదనలేదని పాప దిద్దింది."

కూరలో ఉప్పెక్కువైందని నన్ను దిద్దినట్టే, పండితులనూ దిద్దిందంట! సారుకు దండం పెట్టాను. ఆ కట్ట ఇప్పుడు దేవుని గూట్లో ఉంది.

మీ పిల్లలూ మిమ్మల్ని ఇట్లే దిద్దుతారా? దిద్దనీయండి.