తెరమీద పిన్నీసు

కొండమీది చలి ఊరు ఎల్ ఆల్తో సంతలో సెవెరినా అమ్మేది అపి, అంటే వేడివేడి ఊదారంగు మొక్కజొన్న జావ. ముప్ఫై ఏళ్లుగా అదే పీట, అదే పొయ్యి. గరిటె, గ్లాసులు, చిల్లర డబ్బా అన్నీ కూర్చున్నచోటే చేతికందేలా అమర్చుకుంది. లేవక్కర్లేదని ఆమెకు మహా గర్వం. ఆ గర్వం చివరికి ఎడమకాలికి చుట్టుకుంది. కాలు దిమ్మలా వాచింది. తొడలో నెత్తురు గడ్డకట్టిందన్నారు ఆసుపత్రిలో. పలచబరిచే మందు ఇద్దామంటే కడుపులో పుండు నుంచి నెత్తురు కారుతోంది. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు. కడుపులోని పెద్ద సిరలో చిన్న జల్లెడ లాంటిది పెట్టి దాన్ని అడ్డుకోవాలి.

"గజ్జల్లోంచి పెడతామమ్మా. ఒకదానిమీద ఒకటి తొడిగిన ఈ ఆరు లంగాలూ విప్పాలి," అన్నాడు కుర్ర డాక్టరు ఇతూరి.

"విప్పను."

మెడ దారి ఎలాగూ లేదు. పాత గొంతు ఆపరేషను అక్కడి సిరల్ని పాడు చేసింది. ఇతూరి గొంతు మెత్తబరిచాడు. "మీ సంప్రదాయం నాకు గౌరవమేనమ్మా. ఈ లంగాలు మీ అస్తిత్వం..."

"అస్తిత్వమా పాడా! చలి బాబూ, చలి! నీ గది మంచుకొండలా ఉంది. పలచటి గుడ్డ చుట్టుకుని నువ్వు పడుకో ఆ బల్లమీద, చూస్తాను."

నర్సు బెనీతా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రోజూ పొద్దున్న సెవెరినా దగ్గరే అపి తాగే మనిషి.

"సరే, చేతి నుంచి చేద్దాం. దారి దూరం, కానీ కుదురుతుంది. లంగాలు ఉంచుకోండి. ఒంటిమీద ఇనుము, వెండి ఏమీ ఉండకూడదు," అన్నాడు ఇతూరి.

"లేవు. పళ్లకున్న బంగారం కావాలంటే పీక్కో."

కుడిచేతికి మత్తుసూది పొడిచి, సన్నటి గొట్టం ఎక్కించారు. అది భుజం దాటి, గుండె పక్కనుంచి కడుపులోకి దిగింది. ఇతూరి ఎక్స్‌రే తెరవైపు చూసి ఆగిపోయాడు. సరిగ్గా జల్లెడ పెట్టాల్సినచోట నల్లగా, బొటనవేలంత పిన్నీసు!

"అమ్మా, ఇదేంటి?"

సెవెరినా పైకప్పువైపు చూసింది. "అడుగు లంగాది. అది తీస్తే అన్నీ జారతాయి."

"అయ్యో అక్కా! ముందే చెప్పొచ్చుగా!" బెనీతా దుప్పటి కింద చెయ్యి పెట్టి పిన్నీసు లాగేసింది. సెవెరినా జడకున్న ఉన్ని కుచ్చు విప్పి, దాంతోనే నడుము బిగించి కట్టింది. "ఇప్పుడు నాట్యం చేసినా జారవు."

సిర కనబడటానికి ఇతూరి రంగుమందు వదిలాడు. పొత్తికడుపులోంచి తొడలదాకా వెచ్చదనం పాకింది. సెవెరినా కళ్లు మూసుకుంది.

"ఆహా! ఇంకొంచెం పొయ్యి బాబూ."

"ఇది అపి కాదమ్మా."

"తెలుసు. అపికి ఇంత వేడి లేదు, ఏంచేస్తాం."

తెరమీద జల్లెడ గొడుగు ఊచల్లా విచ్చుకుని, సిర గోడల్ని పట్టుకుని నిలిచింది. ఇతూరి గొట్టం బయటికి లాగి చేతికి కట్టు కట్టాడు.

ఇప్పుడు చిల్లర డబ్బా దుకాణం అవతలి చివరన ఉంటుంది. ప్రతి బేరానికీ లేవాలి. డాక్టరు ఆజ్ఞ. సెవెరినా తిట్టుకుంటూ లేస్తుంది, ఆరు లంగాలూ గుండ్రంగా ఊగుతాయి. నడుముకి ఉన్ని కుచ్చే. పిన్నీసు బెనీతా దగ్గరే ఉండిపోయింది. అడగడానికి మొహం చెల్లడం లేదు.