గాలికి అడ్డం పెట్టిన బీరువా

నా చిన్నప్పుడు, సౌదీలో ధహ్రాన్‌లో ఉన్న రోజుల్లో, ఒక వేసవి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నాకప్పుడు పదేళ్లు. మాది కర్నూలు వైపు. మా నాయన అక్కడ ఒక కంపెనీలో కంప్యూటర్ టెక్నీషియన్. ఆ కాలంలో కంప్యూటరంటే హాలు నిండా బీరువాలే. దాని జ్ఞాపకమంతా తీగలకు గుచ్చిన ఆవగింజంత రింగుల్లో ఉంటుందని నాయన చెప్పేవాడు. పని పెరిగి ఆ జ్ఞాపకం చాలక, ఇంకో మెమరీ బీరువా ఓడలో తెప్పించారు. దాన్ని బిగించే బాధ్యత నాయనది.

బిగించాడు. పొద్దున పూట బాగానే నడిచేది. మధ్యాహ్నానికి కొత్త బీరువా వేడెక్కి, దాచిన అంకెలు తప్పుగా చెప్పేది. పది రోజులు అదే వరస. తప్పెవరిదో తేల్చమన్నాడు మేనేజరు. హాలు చల్లబడటం లేదని అందరూ ఏసీలు చూసే మనిషి మీదికి తోశారు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. నాలుగు తెలుగు మాటల కోసం శుక్రవారాలు మా ఇంటికొచ్చేవాడు. నేను మామా అనేదాన్ని. అతను వచ్చి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఖురూజ్ వేసి, అంటే దేశం విడిచే ముద్ర కొట్టి, ఊరికి పంపేస్తారని తెలిసింది.

ఆ శుక్రవారం మామ వచ్చాడు గానీ కూర్చోలేదు, చాయ్ ముట్టలేదు.

"సార్, నేల కిందికెళ్లి చల్లగాలొచ్చే జాలీ ఉంటది గదా. మీ కొత్త బీరువా దానిమీదనే పెట్టిండ్రు. ఇగ గాలి యాడికెళ్లి రావాలె?"



"ఆఫీసుల చెప్తే మీ నౌకరి పోతది. పిల్లగల్లోళ్లు. అందుకే ఇంటికొచ్చి చెప్తున్న. ఎట్లనన్న జరుపుకోండ్రి," అని వెళ్లిపోయాడు.

"మామ చెప్పింది నిజమా నాయనా?" అని అడిగాను.

"నిజమే. రెండో రోజే నాకు తెలిసింది," అన్నాడు.

కొత్త బీరువాను పాతవాటికి కలిపే కేబులు పొట్టిదట. పాత బీరువాలన్నీ జరిపితేనే కొత్తది సరైన చోట పడుతుంది. దానికి మూడు రోజులు మిషను ఆపాలి. మేనేజరు ఒప్పుకోడని, నాయన జాలీ మీదే పెట్టేశాడు. ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. "ఇఖామా పోతే, ఇక్కడుండే కాయితమే పోతే, మన గతేంది?" అంటూ గోడ వైపు తిరిగాడు. 

అమ్మ అంది: "పిల్ల ముందర ఒప్పుకున్నారు. మేనేజరు ముందర గూడా ఒప్పుకోండి."

మర్నాడు పొద్దున్నే నాయన ఆఫీసుకు వెళ్లి, అందరి ముందరా మేనేజరుకు చెప్పేశాడు. మిషను ఆపి బీరువాలు జరిపారు. అంకెలు సరిగ్గా వచ్చాయి. మామ ఖురూజ్ ఆగింది. నాయన ఇఖామా మాత్రం కంపెనీ మళ్లీ రాయించలేదు. నెల తిరక్కుండానే మేం సామాన్లు కట్టుకున్నాం. ఎయిర్‌పోర్టుకు మామ వచ్చి మా పెట్టెలు మోశాడు. నాయనా, అతనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఎవరి తప్పయినా నా కంటపడితే, నలుగురిలో అనను, ముందు వాళ్లింటికి వెళ్లి చెప్తాను. నా తప్పయితే మాత్రం నలుగురిలోనే ఒప్పుకుంటాను. అది ఈ వయసులోనూ తేలిగ్గా రాదు. కాళ్లు వెనక్కి లాగుతాయి. అయినా వెళ్తాను.