పచ్చ అంటే ఏ పచ్చ?

మదనపల్లెలో ఒక చిన్న పిల్లల ఆసుపత్రికి నేను కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారుచేసి ఇచ్చాను. పురిటిబిడ్డల రక్తపరీక్షల అంకెలను నర్సులు అందులో ఎక్కిస్తారు. అంకె హద్దు దాటితే ఆ గడి రంగు మారాలి. ఏ రంగు పెట్టమంటారని అడిగితే, పెద్ద సిస్టర్ రాసుకుంటున్న కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"కామెర్లు హద్దు దాటితే పచ్చ పెట్టమ్మా. సూస్తానే తెలిసిపోవల్ల."

ఇంతేనా అనుకుని, పుంగనూరు బస్సు వచ్చేలోపే రాసి పడేశాను. మా ఇంట్లో కూలికి పోకుండా కుర్చీలో కూర్చుని సంపాదించిన మొదటిదాన్ని నేనే. కాస్త పొగరు ఉండేది, కాదనను.

పట్టిక వాడకం మొదలైన పొద్దున నేనూ వార్డులోనే ఉన్నాను. పెద్దపంజాణి నుంచి వచ్చిన బాలింత సంచి సర్దుకుంటోంది. కొత్త నర్సు తెర చూసి, "ఆకుపచ్చే ఉండాది సిస్టర్, పంపిచ్చేద్దామా?" అంది.

పెద్ద సిస్టర్ తెర వైపు చూడనేలేదు. బిడ్డను కిటికీ దగ్గరికి ఎత్తుకుపోయి, ముక్కు మీద వేలితో మెల్లగా నొక్కి వదిలింది. వేలు తీసిన చోట పసుపు పూసినట్టుంది.

"యాడికి పంపేది? బిడ్డ పచ్చగా ఉండాడు."

అప్పుడు వెలిగింది నాకు. ఆమె చెప్పింది పసుపుపచ్చ, నేను పెట్టింది ఆకుపచ్చ. ఆపాల్సిన బిడ్డకు పొమ్మని దారి చూపించాను. పైన పటారం, లోన లొటారం అంటే నా పట్టికే.

"తప్పు నాదే సిస్టర్. ఏ పచ్చ అని అడగలేదు."

"నేను మాత్రం సెప్పినానా? సగం నాది. ముందు రంగు మార్సు."

అందరి ముందూ కడిగేస్తుందనుకున్నాను. తప్పులో సగం తన నెత్తిన వేసుకుని, బిడ్డను కామెర్లు తగ్గించే నీలిదీపం కింద పడుకోబెట్టడానికి వెళ్లిపోయింది. అంత పెద్ద మనసు నాకు ఈ జన్మలో రాదు.

రంగు అప్పుడే మార్చాను. కానీ ఆ బిడ్డ ఇంటికి పోయేదాకా ఏదో ఒక వంకతో రోజూ వార్డుకు పోతూనే ఉన్నాను. ఒక పొద్దున వాడి గడిలో ఏ రంగూ లేదు. అయినా పెద్ద సిస్టర్ వాడిని కిటికీ దగ్గరికి తీసుకొచ్చి నన్ను పిలిచింది.

"రామ్మా, ఈసారి నువ్వు నొక్కు."

భయంభయంగా నొక్కి వేలు తీశాను. పసుపు లేదు.

"ఇప్పుడు సెప్పు, పంపిద్దామా?" అని నన్నడిగింది.

తల ఊపాను.