చిన్నమాస్టరు పెళ్లి

“…పెళ్ళాం ఏదని అడిగితే ఏం చెబుతారు మరి?”

“పురిటికని పుట్టింట్లో ఆగిందంటాను.”

“బాగుంది. ఆ పిల్లాణ్ణి ఎక్కణ్ణించి ఎత్తుకొస్తారు?”

“నెమ్మదిగా మాట్లాడు. లోపలికి వినబడుతుంది.”

మానసిక వైద్యశాల వరండాలో అన్నా వదినా వాదించుకుంటున్నారు. తలుపుకు లోపలివైపు, సర్దిన సంచి పక్కన కూర్చున్న తమ్ముడికి అంతా వినబడుతూనే ఉంది. అతన్ని మర్నాడు ఇంటికి పంపేస్తున్నారు.

అన్న సెలూన్లో అందరూ అతన్ని చిన్నమాస్టరు అనేవారు. అన్న పెద్దమాస్టరు. ఈ దేశానికి ముందొచ్చిన అన్న రెండు కుర్చీల దుకాణం పెట్టి, తర్వాత తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. తమ్ముడికి చేతిలో పని ఉంది గానీ నోట్లో ఇక్కడి మాట లేదు. కుర్చీలో కూర్చున్నవాడు వెనక నిలబడ్డవాడితో మాట్లాడేది అద్దంలోకి చూసే గదా. అద్దంలో ఆ పెదవులు కదలడం చూసి చూసి అతను భాష పట్టాడు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ అయ్యో అనాలో కూడా అక్కడే నేర్చాడు. దుకాణం మూశాక వెనకగదిలో పడుకుని వాటినే వల్లించుకునేవాడు. మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరు. అన్న ఇల్లు ఇరుకు.

కొన్నేళ్లకు, కుర్చీలో మనిషి నోరు మూసుకున్నాక కూడా అద్దంలో పెదవులు ఆగలేదు. మొదట్లో ఊరికే పలకరించేవి. తర్వాత తిట్టడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఒక బడిపంతులు జుట్టు సగం కత్తిరించి, కత్తెర కింద పెట్టి, అద్దాలు రెండూ గోడవైపు తిప్పేశాడు. పంతులు మెడచుట్టూ గుడ్డతోనే వీధిలోకి పరిగెత్తాడు.

తమ్ముడికి మతి చెడిందని తెలిస్తే ఆ కుర్చీలో ఇంకెవడూ మెడ వంచడని అన్న భయం. అతన్ని వైద్యశాలలో చేర్చి, పెళ్లి చేసుకోడానికి స్వదేశం వెళ్లాడని అందరికీ చెప్పాడు. “సంబంధం కుదిరేసరికి కంగారుపడ్డాడండీ,” అని పంతులుకు సర్దిచెప్పాడు. రోజూ వచ్చేవాళ్లంతా కలిసి కొత్త జంటకు దుప్పటి కొనిచ్చారు. వదిన దాన్ని విప్పకుండా బీరువా మీద పడేసింది.

వైద్యశాలలో ఏడాదిపైగా చిన్నమాస్టరు చేసిన పని ఒక్కటే. వినబడ్డదాంట్లో మనుషులు అన్నదేదో, అననిదేదో డాక్టరమ్మకు చెప్పడం. మందులకు ఒళ్లు ఉబ్బింది, చేతులు వణికాయి. అతని గడ్డం వార్డుబాయ్ గీసేవాడు, అక్కడక్కడా తెగ్గోస్తూ. పోనుపోను పెదవులు సద్దుమణిగాయి.

ఇంటికి పంపుతామనగానే అన్న వచ్చినప్పుడల్లా పాఠం చెప్పాడు. పెళ్లికూతురు పొడగరి. మాట తక్కువ. కుట్టుపని వచ్చు. “ఏదీ, ఇంకోసారి చెప్పు.” తమ్ముడు అప్పజెప్పేవాడు. అన్న వెళ్లాక మంచం మీద పడుకుని మళ్లీ వల్లించేవాడు, వెనకగదిలో లాగే.

వదిన తలుపు తోసుకుని వచ్చింది. “ఏమయ్యా, అప్పుడే సర్దేశావా? మీ అన్నయ్య గోల పట్టించుకోకు. ఎవరేం అడిగినా నవ్వి ఊరుకో.”

“నిన్న భోజనాల దగ్గర ఆవిడ పిలిచింది వదినా.”

“ఎవరు?”

“అన్నయ్య చెప్పినావిడ. పొడుగ్గా ఉంటుందే.”

వదిన గుమ్మంలో నిలబడ్డ భర్తవైపు చూసింది. అతను చేతిలో తాళంచెవులు చూసుకుంటున్నాడు.

“మాట తక్కువన్నాడు గానీ, ఆపడం లేదు,” అన్నాడు చిన్నమాస్టరు. సంచి విప్పి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు. “నేను రావడం లేదు. డాక్టరమ్మతో నేనే చెప్పుకుంటాను.”