మామ్మ కంటే ముందు బయల్దేరిన సంచీ

నరసన్నపేట నుంచి ఖాట్మండు దాకా, కారులో, కుటుంబ సమేతంగా. దారిలో పెద్ద పెద్ద నగరాలు, మధ్యలో ఒక దేశ సరిహద్దు, చివర్లో హిమాలయాలు. అలాంటి మహాయాత్రలో మాకు ఎదురైన ఒళ్లు జలదరించే అనుభవాన్ని మీకు చెప్పబోతున్నాను.

అబద్ధం. మా కారు నరసన్నపేట దాటలేదు. ఆ మాటకొస్తే షెడ్డులోంచి బయటికే రాలేదు. ఇది ఒక సంచీ గురించి, అది కొట్టిన కంపు గురించి. కంచం ముందు పెట్టుకుని చదువుతున్నవాళ్లు తినడం పూర్తి చేసుకుని రండి.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మాది కిరాణా కొట్టు. గోదాములో చప్పుడైతే మా ఇంట్లో ఎవరూ దెయ్యం అనుకోరు, పందికొక్కు అనుకుంటారు. ఇప్పటిదాకా ప్రతిసారీ పందికొక్కే.

ప్రయాణం మా మామ్మ కోసం. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. తాతయ్య బతికుండగా ఆవిణ్ణి నేపాల్లో పశుపతినాథుడి గుడికి తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఆ రోజు భుజాన వేసుకోవాలని పొందూరు కండువా ఒకటి కొని దాచుకున్నాడు. కొట్టు కట్టేసి వెళ్లడానికి ఆయనకి జీవితంలో తీరిక దొరకలేదు. ఆయన పోయాక మామ్మ ఒట్టు పెట్టుకుంది. ఆ కండువాని అక్కడి నదిలో ముంచి వదిలేసేదాకా పనసతొన ముట్టనని. పనసంటే ఆవిడకి ప్రాణం. వేసవి వస్తే వీధంతా పనస వాసన, మామ్మ ముక్కుకి కొంగు అడ్డం.

ఆ కొట్టు తాతయ్య నుంచి నాన్నకి వచ్చింది, తీరిక లేకపోవడం కూడా వచ్చింది. ఈ వేసవికి మామ్మ మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఇద్దరు పట్టుకుంటే తప్ప అరుగు దిగలేదు. ఇప్పుడు తీసుకెళ్లకపోతే ఇంకెప్పటికీ లేదని నాన్నకి కూడా అర్థమైంది. విజయనగరంలో ఉన్న మా బావ కారు తెచ్చి మా షెడ్డులో పెట్టాడు. ఇక బయల్దేరడమే అనుకున్నాం.

అప్పుడు దారి గురించి గొడవ మొదలైంది. బావ భువనేశ్వర్ మీదుగా పట్నా వెళ్లి రక్సౌల్ దగ్గర సరిహద్దు దాటాలంటాడు. నాన్న రాయపూర్ మీదుగా కాశీ చూసుకుని గోరఖ్‌పూర్ వెళ్లి సునౌలీ దగ్గర దాటాలంటాడు. ఇద్దరూ ఎప్పుడూ రాజమండ్రి దాటినవాళ్లు కాదు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒకరి దారిలో ఇంకొకరు గుంతలు వెతికేవారు.

“మావా, మీ దారిలో ఎల్తే మామ్మగారు కాశీలోనే ఉండిపోతారు,” అంటాడు బావ.

“నీ దారిలో ఎల్తే పట్నాలో మనమందరం ఉండిపోతాం,” అంటాడు నాన్న.

ఇలా కొన్నాళ్లు విన్నాక మామ్మ విసిగిపోయింది. “ఒరే, మీరు దారి తేల్చుకునీసరికి నేను పైకి దారి పట్టీసేలా ఉన్నాను. పంతులు మంచిరోజు సెప్పినాడు కదా, కనీసం పరస్తానమైనా ఎట్టండి.”

తెలియనివాళ్లకి చెప్తాను. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, ఆ వేళకి మనిషి తాలూకు బట్టలు మూటగట్టి, వెళ్లబోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెడతారు. అదే ప్రస్థానం. మూట గడప దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ మూటని మళ్లీ ఇంట్లోకి తేకూడదు. నాలుగు రోజుల్లో మనిషి వెళ్లి దాన్ని కలుపుకుని ముందుకు సాగిపోవాలి. మా కిరాణా భాషలో చెప్పాలంటే సరుకు ముందు, షావుకారు వెనక.

మామ్మ తన చేత్తోనే సంచీ సర్దింది. కట్టుచీర ఒకటి, కుంకుమ భరిణ, గుప్పెడు బియ్యం, వాటి మీద తాతయ్య కండువా. మూతి మీద పురికొసతో పాతకాలపు కొట్టు ముడి వేసింది. ఆ ముడి నాన్నకే రాదు.

మాకు ఉత్తరాన ఉన్న ఇల్లు సుగుణ టీచరుగారిది. రిటైరయ్యారు, ఒంటరిగా ఉంటారు, ఆదివారం చర్చి తప్పరు. సంచీ పట్టుకెళ్తే గుమ్మంలో నన్ను పైనుంచి కిందకి చూశారు.

“నా ఇల్లు సత్రం సేసీసినార్రా? సర్లే, బైబిలు పక్కన మాత్రం ఎట్టను. సెప్పుల బీరువా మీద ఎడతాను. మీ మామ్మకి సెప్పకు.”

సంచీ బయల్దేరింది. మేము బయల్దేరలేదు. పెళ్లిళ్ల సరుకు ఆర్డర్లు ఉన్నాయని నాన్న, అసలు దారే తేలలేదని బావ. గడువు దాటిపోతోందని పంతులుగారు ఫోన్ చేశారు. “బేగి కదలండి బాబూ. మీరు ఆగినా సంచీ ఆగదు,” అన్నారు. అది శాస్త్రమో బెదిరింపో మాకు తెలియలేదు. నాన్న సరే సరే అని ఫోన్ పెట్టేసి బెల్లం తూచాడు.

ముందు మామ్మకి వాంతులు మొదలయ్యాయి.

మధ్యాహ్నం పడుకున్న మనిషి మంచం పట్టె గట్టిగా పట్టుకుని లేచింది. నేను బకెట్టు పెట్టాను. ఆ బకెట్టు వర్ణన మీకు అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు, కానీ నేను మర్చిపోలేకపోతున్నాను.

“మలుపు మలుపుకీ కడుపులో దేవేస్తందిరా. ఆ డ్రైవరు బాబుని మెల్లగ పోనీమను.”

“మామ్మా, నువ్వు మంచం మీదున్నావు.”

“నాకు తెల్దేటి? మంచమే పోతంది.”

డాక్టరు గ్యాసన్నాడు. మా ఊళ్లో గుండెపోటుని కూడా ముందు గ్యాసనే అంటారు కాబట్టి మేమెవరం ఆశ్చర్యపోలేదు.

ఆ మర్నాడు పొద్దున టీచరుగారు గోడ మీంచి పిలిచారు. “ఒరే సంతోషూ, సంచీలో ఏటెట్టినార్రా? ఎలక సచ్చిందేటి?”

వెళ్లాను. గుమ్మంలోనే కంపు కొట్టింది. కిరాణా కొట్లో పెరిగినవాడికి కంపుల్లో డిగ్రీ ఉంటుంది. చచ్చిన ఎలుక వేరు, పులిసిన బెల్లం వేరు, ముక్కిన నూనె వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. కుళ్లిన పూలు, తడిసిన బూడిద, పేడ, నెయ్యి మాడిన వాసన, అన్నీ ఒకే నీళ్లలో నానబెట్టినట్టు ఉంది. నాలుక మీద కూడా తగిలింది. నేను పెరట్లోకి పరిగెత్తి టీచరుగారి గులాబీ కుండీకి నా టిఫిన్ సమర్పించుకున్నాను.

తిరిగొచ్చి సంచీని తాకి చూశాను. పొడిగానే ఉంది. ముడి వేసినట్టే ఉంది. బీరువా కింద కడిగాను, మురికి కాలువ మూత ఎత్తి చూశాను. కంపు సంచీదే. ముడి విప్పితే ప్రయాణం భంగమని మామ్మ ఒప్పుకోలేదు. టీచరుగారు ముక్కుకి జండూబామ్ రాసుకుని, ఇంకొక్క రోజు చూస్తాను, ఆ తర్వాత సంచీ వీధిలో ఉంటుందని చెప్పారు.

ఆ ఒక్క రోజూ మామ్మ ఏమీ తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుంది. ఆ వేళకే టీచరుగారు నన్ను మళ్లీ పిలిచారు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

సంచీ అడుగు నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి. బీరువా తలుపు మీదుగా జారి, టీచరుగారు చర్చికి వేసుకునే చెప్పుల్లో నిండాయి. చుట్టుపక్కల వాన పడి నెలలైంది. పైకప్పు పొడి, గోడ పొడి. ముడి తడిసి బిగిసిపోయింది, బ్లేడుతో కోయాల్సి వచ్చింది.

లోపల బియ్యం ఉబ్బి పులిసిపోయింది. చీర కింది అంచు నుంచి మోకాలి ఎత్తు దాకా బురద. ఎవరో కట్టుకుని నీళ్లలో దిగినట్టు సరిగ్గా ఆ ఎత్తుకి ఆగింది. మడతల్లో కుళ్లిన బంతిరేకులు. మేము సంచీలో పువ్వు అన్నది పెట్టలేదు. నా వేళ్లకి జిగట అంటుకుంది. రెండు రకాల సబ్బులతో కడిగాను, ఆ సాయంత్రం అన్నం స్పూనుతో తిన్నాను.

కుంకుమ భరిణ ఉంది. కండువా లేదు.

ఇంటికొచ్చేసరికి మామ్మ మంచం మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటోంది. నాన్న పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నాన్నతో మొదలుపెట్టింది.

“ఎల్లొచ్చీసేన్రా. మీ నాన్న కండువా ఒగ్గీసేను.”

“ఎక్కడికెల్లేవే అమ్మా?” అన్నాడు నాన్న.

“నీకు కొట్టు తప్ప ఏటి తెలస్తాది? ఛీ, ఆ నీల్లేటి బాబూ! నల్లగ, పువ్వులు కుల్లిపోయి. పక్కనే పీనుగులు కాలస్తన్నారు. మాటిచ్చేను కాబట్టి దిగేను, లేకుంటే కాలు ఎట్టకపోను. మన వంశధారకి దండం ఎట్టాల. ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనకండి.”

నేను వాదించడానికి తయారయ్యాను. ఆ గుడి వీడియోలు బావ ఆవిడకి ఫోన్‌లో చూపించాడు. కాబట్టి నీళ్లూ పీనుగులూ సాక్ష్యం కింద చెల్లవు. కానీ వీడియోకి కంపు ఉండదు.

తర్వాత ఆవిడ పనసతొనలు తెమ్మంది. ఆవిడ ఒట్టు సంగతి నాన్నకి మా అందరికంటే బాగా తెలుసు. లేచి, కొట్టు తెరిచి ఉండగానే వదిలేసి, తనే బజారుకి వెళ్లి పనసకాయ మోసుకొచ్చాడు. వ్యాపారవేళలో ఆయన కొట్టు విడిచి వెళ్లడం నేను చూడటం అదే మొదలు. మామ్మ తింటుంటే ఎదురుగా కూర్చున్నాడు. “నేనే తీసుకెళ్లాల్సింది అమ్మా,” అన్నాడు. “బాగుంది గానీ, ఇంకో తొన ఇలా ఇయ్యి,” అంది మామ్మ.

ఇంట్లో సగంమంది ఇది నా పనే అంటారు, నా నోటి మంచితనం అలాంటిది. నేనే చేసి ఉంటే ఆ చీర మళ్లీ నేనే ఉతికేవాణ్ణా? మామ్మ అరుగు దిగలేదు. టీచరుగారి తాళం టీచరుగారి దగ్గరే ఉంది. దొంగైతే భరిణ వదిలేసి పాత కండువా పట్టుకెళ్లడు. పందికొక్కు ఆ ముడి మళ్లీ వెయ్యలేదు. వీటిలో ఏదైనా మీకు కుదిరితే చెప్పండి, నాకు ఇప్పటికీ కుదరలేదు.

బావ కారు వెనక్కి తీసుకెళ్లిపోయాడు. టీచరుగారు కొత్త చెప్పులు కొనుక్కున్నారు. చీర మరక మాత్రం నా తప్పువల్లే మిగిలిపోయింది, తడిమీదే సబ్బు పెట్టేశాను. బురద మరకని ముందు పూర్తిగా ఎండనివ్వాలి. తర్వాత బ్రష్షుతో దులపాలి. ఆ తర్వాతే చన్నీళ్లు.