మంత్రి పోయినాక అబీదా బీ ఆడిన ఆట

కోయిలకుంట్లలో పరుపులు కుట్టే దూదేకుల ఇంట్లో పుట్టింది అబీదా బీ. ఆ దూది మూటల మధ్యనే అన్న ఇలియాస్ ఆమెకు చదరంగం నేర్పాడు. చెల్లెలి మీద ప్రేమతో కాదు, మధ్యాహ్నం పూట ఓడించడానికి ఒక మనిషి కావలసి వచ్చి. పరుపు గుడ్డ మీద బొగ్గుతో గీసిన గళ్లే వాళ్ల బోర్డు. ఆమె మంత్రిని తను పడగొట్టగానే ఇలియాస్ గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తేసేవాడు. పావులన్నీ కుప్పగా మధ్యకు జారిపోయేవి.

"మంత్రి పోయినాక ఇంగేముండాది ఆడేకి? లెయ్."

"నా రాజు ఉండాడు కదన్నా."

"ఉంటే ఉన్నాడులే. పోయి టీ పెట్టు."

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ తను ఓడిన ఆట ఎట్లా ముగుస్తుందో అబీదా బీ చూడనే లేదు. పంతొమ్మిదో ఏట ఆటో నడిపే వలి సాహెబ్‌తో పెళ్లయి పక్క ఊరికి వచ్చింది. పిల్లలు, పొయ్యి, కూలి పనులు. ముప్పై ఏళ్లు ఆమె పావు ముట్టుకోలేదు.

ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరిన రెండో ఏడు, ఆటవస్తువులతో పాటు నాలుగు చదరంగం బోర్డులు వచ్చాయి. అన్నాలయ్యాక పిల్లలు వరండాలో పరుచుకుని కూర్చునేవాళ్లు. వాళ్లదీ ఇలియాస్ పద్ధతే. మంత్రి పోతే చాలు, పోగొట్టుకున్నవాళ్లు లేచి పరిగెత్తేవాళ్లు. గిన్నెలు కడుగుతూ అబీదా బీ నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఖాళీ అయిన చోట కూర్చుంది.

"యాడికి లేస్తాండారు? ఈ ఆట అయిపోలా. నేనాడతా."

అట్లా మూడేళ్లు ఆమె ఒకరు వదిలేసిపోయిన ఆటలే ఆడింది. అన్నీ మంత్రి లేనివే. మొదటి ఏడాది దాదాపు అన్నీ ఓడింది. ఓడుతూనే కొన్ని సంగతులు కనిపెట్టింది. పోయిన మంత్రికి పగ తీర్చుకోవాలని ఎగబడితే మిగిలినవీ పోతాయి. ప్రతి పావు వెనక ఇంకో పావు కాపలా ఉంటే ఎదుటి మంత్రి ఎంత తిరిగినా దానికి తినడానికేమీ దొరకదు. పావుకు పావు మార్చుకుందామని ఎదుటివాళ్లు వస్తే తప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, గెలిచాననుకున్న మనిషి సగం చూపుతోనే ఆడతాడు.

ఇదంతా చూస్తూ వచ్చిన శివజ్యోతి టీచర్, కడపలో ఎవరైనా ఆడొచ్చనే పోటీ ఒకటి జరుగుతోందని తెలిసి ఆమె పేరు రాయించింది.

"నాకు ఇంగ్లీషు రాదు టీచరమ్మా."

"గుర్రానికీ రాదులే అక్కా. రా పోదాం."

ఆదివారం తెల్లవారే బస్సెక్కి, మైదుకూరు మీదుగా కడప చేరారు. కళ్యాణమండపంలో వరసగా బల్లలు. యాభై దాటిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదటి ఆట రామకృష్ణ అనే రిటైరైన లెక్చరర్‌తో. ఆయన ఆమె పాత చీరనూ, ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారం మీట నొక్కడానికి తడబడుతున్న వేళ్లనూ చూసి మర్యాదగా నవ్వాడు.

పదకొండో ఎత్తులో ఆయన గుర్రం వచ్చి ఆమె రాజుకు చెక్ చెప్పింది. అదే గడి నుంచి మంత్రి మీదా గురిపెట్టి ఉంది. రాజును జరిపింది, మంత్రి పోయింది. గుర్రం మాత్రం చిక్కింది. అబీదా బీ చెవులు వేడెక్కాయి. ఇంత చిన్న ఉచ్చు ఎట్లా చూడలేదని తనను తానే తిట్టుకుంది.

రామకృష్ణ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంగ ఆపేద్దామమ్మా. మంత్రి లేకుండా ఏమాడతావు? నీకూ శ్రమ, నాకూ శ్రమ."

"మీకు శ్రమైతే మీరు ఆపండి సార్. నాకేం శ్రమ లేదు."

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. అబీదా బీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కొంచెంసేపు ఏ పావూ ముట్టుకోలేదు. వరండాలో రోజూ కూర్చునే చోటే ఇప్పుడూ కూర్చున్నానని తోచింది. మంత్రి ఉన్న ఆటల కన్నా లేని ఆటలే తనకు ఎక్కువ తెలుసు. చెవుల్లో వేడి తగ్గింది.

గుర్రాన్ని వెనక్కి తెచ్చి ఒంటెకు కాపలా పెట్టింది. ఏనుగులు రెండూ ఒక వరసలోకి తెచ్చింది. ఆయన పావులు మార్చుకోవడానికి వస్తే పక్కకు జరిగింది. రామకృష్ణ చకచకా ఎత్తులు వేసి, మధ్యలో లేచిపోయి పక్కవాళ్ల ఆటలు చూసి వస్తున్నాడు. ఒకసారి అట్లా వచ్చి, బోర్డు అంచున ఒంటరిగా ఉన్న ఆమె బంటును తన మంత్రితో తినేశాడు.

అబీదా బీ తొందరపడలేదు. మూడుసార్లు చూసింది. తర్వాత ఒక బంటును ఒక్క గడి ముందుకు తోసింది. మంత్రి వచ్చిన దారి మూసుకుపోయింది. మిగతా గళ్లకు ఒంటే, ఏనుగులూ కాపలా ఉన్నాయి.

రామకృష్ణ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన కుర్చీ వదల్లేదు. ఎంత వెతికినా దారి లేక, పోయే మంత్రితో ఒక ఏనుగును తిన్నాడు. ఆమె ఒంటె ఆ మంత్రిని తీసుకుంది.

బల్ల చుట్టూ జనం చేరారు. ఇంకా ఆయన బలమే కాస్త ఎక్కువ, కానీ ఆయన గడియారంలో మిగిలిన సమయం తక్కువ. ఆయన చెయ్యి చాచాడు. "డ్రా చేసుకుందామా అమ్మా? చెరి సగం పాయింటు."

సగం వస్తే చాలునని వెనక నుంచి శివజ్యోతి సైగ చేసింది. అబీదా బీ అటు చూడలేదు.

"ఆడదాం సార్. ఇంగా పావులుండాయి కదా."

ఆడారు. ఏనుగులు పోయాయి, ఒంటెలు పోయాయి. చివరికి ఆయనకు ఒక బంటు, ఆమెకు ఒక గుర్రం మిగిలాయి. ఆ బంటు అవతలి అంచుకు చేరితే మంత్రి అవుతుంది. ఇంక ఒక్క గడి ఉందనగా అబీదా బీ తన గుర్రాన్ని ఇచ్చి బంటును తీసింది. బోర్డు మీద ఇద్దరు రాజులే నిలిచారు. ఇక ఎవరూ ఎవరినీ ఓడించలేరని పోటీ అధికారి వచ్చి చెప్పాడు. ఆమెకు సగం, ఆయనకు సగం.

"నేను అడిగినప్పుడే ఇస్తినే ఆ సగం," అన్నాడు రామకృష్ణ. "ఒప్పుకుని ఉంటే ఇంతసేపు పట్టేదా?"

"అప్పుడు మీరు ఇస్తాంటిరి సార్. ఇప్పుడు నేను తీసుకున్నా."

ఆయన పావులను పెట్టెలో సర్దాడు. తర్వాత లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆమె కూడా లేచి పెట్టింది. అంతసేపు కూర్చున్నందుకు మోకాళ్లు పట్టేశాయి.

రెండో ఆట ఇంజనీరింగ్ చదివే అమ్మాయితో. ఇరవై ఏళ్లుంటాయేమో. బాగా ఆడుతుంది. పదిహేనో ఎత్తుకే అబీదా బీ మంత్రిని పట్టేసింది. పట్టేసి, ఆటైపోయిందన్నట్టు గడియారం ఆపబోయింది.

"చెయ్యి తియ్ తల్లీ," అంది అబీదా బీ, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "నీ ఎత్తు అయిపోయింది. ఇప్పుడు నాది."