చల్లబడమన్న మాట

లాయరమ్మ గదిలో కుర్చీల మీద కూడా ఫైళ్లే. వచ్చినవాళ్లు కూర్చోవాలంటే ఒక కట్ట తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అక్క అలాగే ఎవరివో కష్టాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లాయరమ్మ పోలీసులు రాసిన కాగితం చదువుతోంది. ఫీజు ఇచ్చుకోలేని తమ్ముడికి ఆవిణ్ణి ప్రభుత్వమే పెట్టింది.

“‘నిందితుడు ఆవేశంగా ఉండగా, లాండ్రీ మేస్త్రీ అతణ్ణి చల్లబడమని మర్యాదగా చెప్పినాడు. అంతమాత్రానికే నిందితుడు కాలుతున్న ఇస్త్రీపెట్టెతో మేస్త్రీ ముఖం మీద కొట్టినాడు.’ ఇదమ్మా సంగతి. ఆయనకి ఒక కన్ను పోయింది. చల్లబడు అన్నందుకు కన్ను తీశాడంటే జడ్జిగారు జాలి పడతారా చెప్పు?”

“మేస్త్రీ ఏమన్నాడన్నారు? మళ్లీ చదవండి.”

“చల్లబడు అన్నాడు.”

ఒళ్లోని ఫైళ్లు జారి కింద పడ్డాయి. అక్క వాటిని తియ్యలేదు. “ఆ మాట ఊరందరికీ ఒకటండీ. మా ఇంట్లో వేరే” అంది.

తమ్ముడు పుట్టేనాటికే నాన్న నడుం విరిగింది. గోదాములో మూటలు మోసేవాడు. ఒకనాడు మూటల దొంతర మీద పడితే, యజమాని దయతలచి అదే గోదాము గేటు దగ్గర కాపలాకి నిలబెట్టాడు. నిన్నటిదాకా పక్కన మూట మోసినవాళ్లు లోపలికి పోతూ అతని చేత సలాం కొట్టించుకుని నవ్వేవాళ్లు. నాన్న బయట మింగిన మాటలన్నీ ఇంటికి తెచ్చి కక్కేవాడు. తాగేవాడు కాదు. అమ్మకు అదే కొండంత గొప్ప.

ఇల్లంటే మేడమెట్ల పక్కన ఒక్క గది. నలుగురికీ కలిపి ఒక్క పరుపు, దాని మీద అడ్డంగా పడుకునేవాళ్లు. తమ్ముడు అయిదేళ్లు దాటినా పక్క తడిపేవాడు. వానాకాలంలో ఆ పరుపు ఆరేది కాదు. ఇంకో పరుపుంటే ఇంత కథ లేదు. చెమ్మకు నాన్న నడుం పట్టేసేది. పొద్దున్నే లేవలేక లేచి, కేక పెట్టేవాడు.

“వీణ్ణి చల్లబెట్టండి!”

చల్లబెట్టడమంటే మెట్ల కింది అరలో పెట్టడం. చీపుళ్లు, కిరసనాయిలు డబ్బా, కాలు విరిగిన కుర్చీ ఉండే అర అది. పిల్లవాడైనా నిటారుగా నిలబడలేడు. నాన్న వాణ్ణి లోపలికి తోసి అక్క వైపు తిరిగేవాడు. “గొళ్లెం నువ్వు పెట్టు. నీ తమ్ముడేగా, నీ మాటైతే వింటాడు.” అక్కకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆమె పెట్టేది. అమ్మ అంట్లు తోమే ఇళ్లకు బయల్దేరుతూ, “నాన్నొచ్చేలోపు తీశావంటే నిన్నూ అందులోనే పెడతారు” అని చెప్పి పోయేది. ఇంతలో బడిగంట కొట్టేవారు. అక్క సంచీ తగిలించుకుని బడికి వెళ్లిపోయేది.

ఇదేమీ గుట్టుగా జరగలేదు. మేడమీది ఆవిడ రోజూ ఆ మెట్ల మీదుగానే దిగేది. “మీవాడి గొంతు ఖంగుమంటోందమ్మా, సంగీతం చెప్పించరాదూ!” అని పరాచికమాడేది. తమ్ముడు ఏడవడం మానేశాక, “ఇప్పుడు బుద్ధొచ్చింది” అంది. బుద్ధి కాదు, గొంతు పోయింది. బడిలో వేశాక వాడు తలుపు పక్కనే కూర్చునేవాడు. ఎవరైనా తలుపు మూస్తే లేచి తీసేవాడు. మాస్టారు తరగతి మొత్తం వినేలా, “అబ్బాయిగారు తండ్రి ఉద్యోగంలో ఇప్పట్నించే చేరారర్రా, గేటు వదలరు!” అనేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. అంత చదువుకున్న మనిషికి, ‘తలుపంటే నీకెందుకురా భయం’ అని అడగడానికి నోరు పడిపోయిందా?

పదమూడేళ్లప్పుడు వాడు దొంగ అయ్యాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒకే మధ్యాహ్నం వీధిలో పదకొండు తలుపుల గొళ్లాలు ఊడదీశాడు. ఇళ్లలోంచి గరిటె కూడా తీసుకోలేదు. దొంగతనానికొచ్చి సొమ్ము వదిలి గొళ్లెం పట్టుకుపోయే వెర్రివాడని వీధి వీధంతా కడుపుబ్బ నవ్వింది. పోలీసులు కొట్టి, కటకటాల్లో వేసి, బయటినుంచి తాళం పెట్టారు. బయటికొచ్చేసరికి వాడికి కొత్త పేరు సిద్ధంగా ఉంది. గొళ్లెం. తల్లి కూడా ఒకటి రెండుసార్లు నోరు జారి ఆ పేరుతోనే పిలిచింది.

ఆ గొళ్లెమే పద్నాలుగేళ్లు లాండ్రీలో చేసి, చెయ్యి తిరిగిన పనివాడయ్యాడు. చొక్కా చేతికిస్తే మొదట కాలర్ వెనకవైపు, తర్వాత ముందువైపు. కొసల నుంచి మధ్యకే ఇస్త్రీపెట్టె నడిపేవాడు, కొసన ముడత నిలవకుండా. బల్ల మాత్రం వీధి వాకిలి పక్కనే కావాలనేవాడు. చలికాలంలో గాలి కొట్టినా జరిగేవాడు కాదు.

అక్క జైలుకు వెళ్లింది. మధ్యలో ఇనుపజాలీ.

“ఆరోజు ఏం జరిగిందిరా? కాగితంలో లేనిది చెప్పు.”

“కోటు మాడింది. ఆ పెట్టె వేడి తిప్పే మర చెడిపోయిందని మేస్త్రీకి మూడుసార్లు చెప్పానక్కా, యజమాని బాగుచేయించలేదు. కోటు మనిషొచ్చి అరిస్తే, తప్పు నాదన్నాడు. నేనూ అరిచాను.” తమ్ముడు గోళ్లు చూసుకున్నాడు. “మాసిన బట్టలు వేసే గదిలోకి నెట్టాడు. కాసేపు చల్లబడరా గొళ్లెం, అని బయట గడియ వేశాడు. అందరూ నవ్వారు. తలుపు తియ్యగానే బయటికి దూకి, బల్ల మీది పెట్టె అందుకుని కొట్టాను. తీసింది ఎవరో కూడా చూసుకోలేదు.”

“గదిలో పెట్టాడని పోలీసులకి చెప్పలేదేం?”

“లాండ్రీ వాళ్లంతా సరదాకి ఒక్క నిమిషం అన్నారట. నా మాట రాసుకోలేదు.” జాలీకి దగ్గరగా జరిగి, “నువ్వు ఇంటి సంగతి చెప్పకు. గొళ్లెం ఎవరు పెట్టారని అడుగుతారు. నీ పేరొస్తుంది” అన్నాడు.

అక్కకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద, మేడమీది ఆవిడ మీద, మేస్త్రీ మీద, అందరికంటే ఎక్కువగా జాలీ అవతల కూర్చుని ఇంకా తనను కాపాడుతున్న ఈ వెర్రివాడి మీద. “నోరుమూసుకో” అంది. అని, జాలీకి నుదురు ఆనించి ఏడ్చింది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పింది, కోర్టులో అంతా చెబుతానని.

“మీ నాన్న తాగాడా? జూదమాడాడా? ఇంకో గడప తొక్కాడా? పిల్లల్ని అదుపులో పెట్టుకున్నాడు, అంతే! పోయిన మనిషి మీద బురద చల్లావంటే, నేనూ పోయాననుకో.”

“పోయినవాడికి పరువు, బతికున్నవాడికి జైలు. బాగుందమ్మా నీ పంపకం!”

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అయినా కోర్టునాడు వచ్చి, చివరి బల్ల మీద మూలగా కూర్చుంది.

అక్క బోనెక్కి మెట్ల కింది అర గురించి, చల్లబెట్టడం గురించి చెప్పింది. ప్రభుత్వ వకీలు లేచి కోటు సర్దుకున్నాడు.

“చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లు లక్షలమంది ఉన్నారమ్మా. అందరూ ఇస్త్రీపెట్టెలతో కొడుతున్నారా?”

“లేదండి. నేనూ ఎవర్నీ కొట్టలేదు.”

“మరి?”

“వాణ్ణి లోపల పెట్టి గొళ్లెం వేసింది నేనండి. పొద్దున వేసి బడికి పోయేదాన్ని. ఒకరోజు కాదు, మూడేళ్లు.”

తమ్ముడు చటుక్కున తలెత్తి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. వకీలు కూర్చున్నాడు. జడ్జి గుమాస్తా వైపు చూసి, ఆ మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం కూడా రాయమన్నాడు. “ఏమని రాయమంటారండీ?” అన్నాడు గుమాస్తా. అక్కే చెప్పింది. “చీకట్లో పెట్టి తలుపేసి వెళ్లిపోవడం అని రాయండి.”

వరండాలో మేస్త్రీ భార్య ఎదురైంది. “నీ తమ్ముడి చిన్నతనం నా మొగుడి కన్ను తెస్తుందా?” అంది.

“తేదమ్మా.”

“ఆయనకి ఆ సంగతి తెలిసుంటే ఆ మాట అనేవాడు కాదు.”

“కావచ్చు. కానీ గదిలో పెట్టి నవ్వడానికి ఏ సంగతీ తెలియక్కర్లేదుగా” అంది అక్క. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ ఏడుపు అక్కకు చాలాసేపు వినబడింది.

అమ్మ కోర్టు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటోంది. తలెత్తకుండానే, “నీకప్పుడు తొమ్మిదేళ్లే. నేను పెట్టానని చెప్పి ఉండాల్సింది” అంది.

“అది నేనెలా చెబుతానమ్మా? నువ్వు చెప్పాలి. జడ్జిగారింకా లేవలేదు, పద.”

అమ్మ చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని ఇంటిదారి పట్టింది.

పదిరోజులకు తీర్పు వచ్చింది. ప్రభుత్వ వకీలు పదేళ్లు అడిగితే జడ్జి అయిదేళ్లు వేశాడు. నిందితుడి బాల్యాన్ని గమనించాం అన్నాడు. లాయరమ్మ సంతోషంగా అక్క చెయ్యి పట్టుకుని, “సగానికి సగం తగ్గింది, చూశావా!” అంది. అక్క ఆ కాగితం అడిగి తీసుకుని, వరండాలో నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మేస్త్రీ పోయిన కన్ను ఉంది. ఉండాల్సిందే. మెట్ల కింది అర ఉంది. గొళ్లెం పెట్టిన తన పేరుంది. అర్థంతో సహా ఆ మాట కూడా ఉంది. నవ్విన మాస్టారు లేడు. సంగీతం చెప్పించమన్న ఆవిడ లేదు. పదమూడేళ్లవాణ్ణి కొట్టి తాళం వేసిన పోలీసులు లేరు. చెడిపోయిన ఇస్త్రీపెట్టె బాగుచేయించని లాండ్రీ యజమాని లేడు. ఇంతమంది కలిసి చేసిన పనికి అయిదేళ్లూ వాడొక్కడి మీదే వేశారు.